స్టేడియం కడితే పోటీలు వచ్చేస్తాయా? ఆతిథ్య ఒప్పందాల మీద అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం మాటొచ్చినా, మైపాడు తీరంలో బీచ్ వాలీబాల్ పెడదామన్నా, చర్చంతా గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్ల దగ్గరే ఆగిపోతుంది. అంతర్జాతీయ పోటీని తెచ్చేది ఆతిథ్య ఒప్పందం అనే కాగితం. తేడా వస్తే ఊరిని అప్పులపాలు చేసేదీ ఆ కాగితమే.

అపోహ: మంచి వేదిక ఉంటే నగరమే నేరుగా అడగొచ్చు.

సాధారణంగా కుదరదు. పోటీ హక్కులు అంతర్జాతీయ సమాఖ్యవి, అది మాట్లాడేది మన జాతీయ సమాఖ్యతో. ఆ సమాఖ్యకు కేంద్ర క్రీడా శాఖ అనుమతి, హోం, విదేశాంగ శాఖల క్లియరెన్సు కావాలి. క్రీడలు రాష్ట్ర జాబితాలోని 33వ అంశమే అయినా వీసా, కస్టమ్స్, విదేశీ మారకం కేంద్రం చేతిలో ఉంటాయి. ఈ వరుసలో నగరపాలక సంస్థ ఆఖరున నిలబడుతుంది. చాకిరీ మాత్రం దానిదే ఎక్కువ.

అపోహ: ఎంఓయూ (అవగాహన పత్రం) మీద సంతకం అయిపోతే పని అయిపోయినట్టే.

ఎంఓయూ సాధారణంగా ఉద్దేశం చెప్పే కాగితం. ప్రభుత్వాన్ని కట్టిపడేసే ఒప్పందం రాజ్యాంగంలోని 299వ అధికరణం ప్రకారం గవర్నరు పేరు మీద, అధికారం ఉన్న అధికారి సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. వరుస ఇదీ: శాఖ ప్రతిపాదన, ఆర్థిక శాఖ సమ్మతి, న్యాయ శాఖ పరిశీలన, అవసరమైతే మంత్రివర్గం, జీఓ, చివర సంతకం. కార్పొరేషన్ స్థలమో నిధులో కలిస్తే కౌన్సిల్ తీర్మానం విడిగా కావాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు ఈ వరుసను తిరగేయడం. తేదీ ముంచుకొస్తోందని ముందు డబ్బు పంపి, జీఓ తర్వాత తెచ్చుకుందాం అనుకుంటారు. హైదరాబాద్‌లో జరిగిన 'ఫార్ములా-ఈ' ఎలక్ట్రిక్ కార్ల రేసు సంగతి అందరికీ తెలిసిందే. మొదటి రేసు 2023 ఫిబ్రవరి 11న జరిగింది. తర్వాతి రేసుకు హోస్ట్ సిటీ ఒప్పందం 2023 అక్టోబర్ 30న, ఎన్నికల కోడ్ నడుస్తుండగా కుదిరింది. ప్రభుత్వం మారాక, 2024 జనవరిలో నిర్వాహకులు రేసు రద్దు చేశారు. చెల్లింపుల మీద ఏసీబీ కేసు నమోదైంది. ఎవరిది తప్పో తేల్చాల్సింది కోర్టు. ఫైల్లో ఏ కాగితం ఏ తేదీన చేరిందన్నదే ఇలాంటి కేసులకు ప్రాణం.

అపోహ: ఆతిథ్యమిచ్చేవాళ్లు రాసిచ్చే గ్యారంటీ అంటే డబ్బు హామీ.

డబ్బు అందులో ఒక ముక్క. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ షూటింగ్ ప్రపంచ కప్‌కు ఇద్దరు పాకిస్తాన్ షూటర్లకు వీసాలు రాలేదు. దాంతో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లోని ఒలింపిక్ కోటా, అంటే ఆ పోటీ ద్వారా దక్కాల్సిన ఒలింపిక్ బెర్తులు, రద్దయింది. భారత్‌లో భవిష్యత్ పోటీల చర్చలను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిలిపేసింది. అర్హులైన క్రీడాకారులందరినీ రానిస్తామని జూన్‌లో ప్రభుత్వం రాసిచ్చాకే అది సడలింది. స్టేడియంలో లోపమేమీ లేదు, లోటల్లా రాతపూర్వక హామీదే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. విదేశీ జట్లు ఎక్కువగా దిగేది చెన్నైలో. అక్కడి నుంచి తమిళనాడు, తిరుపతి జిల్లా దాటి నెల్లూరు రావాలి. సరిహద్దులోని తడ దగ్గర ఎస్కార్టు మారాలి, అంబులెన్సు మారాలి. రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య ముందే ఉత్తరం లేకపోతే బస్సు హైవే పక్కన ఆగిపోతుంది.

అపోహ: పన్నులన్నీ రాష్ట్రం మాఫీ చేస్తుంది.

రాష్ట్రం, కార్పొరేషన్ వదులుకోగలిగింది వేదిక అద్దె, ప్రకటనల రుసుము లాంటివే. ఆదాయపు పన్ను కేంద్రానిది. ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన కార్ల రేసుల ఆదాయానికి ఇక్కడ పన్ను కట్టాల్సిందేనని ఫార్ములా వన్ కేసులో సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. కాబట్టి 'పన్నులు మినహాయించకుండా పూర్తి మొత్తం ముట్టాలి' అనే వాక్యం కనిపిస్తే ఆగండి. చేతికి కోటి ముట్టాలి, పన్ను 20 శాతం అనుకుంటే, మనకయ్యే ఖర్చు కోటీ ఇరవై లక్షలు కాదు, కోటీ పాతిక లక్షలు. దాని మీద రివర్స్ ఛార్జి జీఎస్టీ (అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే కట్టే జీఎస్టీ) పడుతుందేమో విడిగా చూసుకోవాలి.

అపోహ: వేదిక మనదే, ప్రకటనలూ మనవే.

'క్లీన్ వెన్యూ' షరతు ఉంటే వేదిక మీద పాత పేరేదీ కనబడకూడదు. కూలరు మీద లోగో, స్కోర్‌బోర్డు కింద కంపెనీ పేరు, సిమెంటు బెంచీ వెనక దాత పేరు, అన్నిటికీ ముసుగే. మన దగ్గర దాత పేరు లేని బెంచీ వెతకడం కష్టం. వీఆర్‌సీ సెంటర్ హోర్డింగులు ఏజెన్సీలకు లీజుకిచ్చి ఉంటే, తీయించాక పరిహారం ఎవరిస్తారో ముందే రాసుకోవాలి. పుట్టినరోజు ఫ్లెక్సీలు ఏ ఒప్పందానికీ లొంగవు, వాటికి రోజూ తిరిగే మనుషులు కావాలి.

అపోహ: వాన వస్తే ఫోర్స్ మెజ్యూర్ (ఊహించని విపత్తులో బాధ్యత నుంచి తప్పించే క్లాజు) కాపాడుతుంది.

నెల్లూరుకు అసలు వానకాలం అక్టోబర్ నుంచి డిసెంబర్. ఏటా వచ్చే వానను 'ఊహించని విపత్తు' అని వాదిస్తే నెగ్గడం కష్టం. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైంది, రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి. అందుకే ఏ హెచ్చరిక స్థాయికి పోటీ ఆపాలి, రిజర్వు రోజులెన్ని, అదనపు హోటల్ బిల్లు ఎవరిది అన్నవి క్లాజులోనే ఉండాలి. పోలీసు బందోబస్తు దొరకాలంటే నెల్లూరు రొట్టెల పండుగ తేదీ కూడా చూసుకోండి. మొహర్రంతో పాటు అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

అపోహ: నచ్చకపోతే తప్పుకోవచ్చు.

తప్పుకోవచ్చు, ఖర్చుతో. 2026 కామన్వెల్త్ క్రీడలను జీలాంగ్, బెండిగో, బల్లారట్ లాంటి పట్టణాల్లో పెడతామన్న ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రం 2023 జులైలో వెనక్కి తగ్గింది. పరిహారం 38 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. జరగని క్రీడలకు మొత్తం ఖర్చు 58.9 కోట్ల డాలర్లు దాటిందని ఆ రాష్ట్ర ఆడిటర్ లెక్క తేల్చారు. ఏడాది ముందు తప్పుకుంటే ఎంత, ఆరు నెలల ముందైతే ఎంత అనే పట్టిక రద్దు క్లాజులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ లెక్క ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తుల ముందు, తేలుతుంది. అది లండన్‌లోనో లుసాన్‌లోనో జరిగితే లాయర్ల ఫీజు కూడా అక్కడి రేటే.