తొట్టెల నాడే పేరు రాయించాలా? పాత పేర్ల మీద అపోహలు - వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో తాతముత్తాతల పేర్లు మళ్లీ తొట్టెలెక్కుతున్నాయి. యాదగిరి, లచ్చమ్మ, సైదులు, కుర్మయ్య, జోగులమ్మ. పెట్టేది చదువుకున్న తల్లిదండ్రులే. ముచ్చటైన సంగతే గానీ రిజిస్టర్ దగ్గరికి వచ్చేసరికి రోజూ అదే గొడవ.

అపోహ: 21 రోజుల్లో పేరు రాయించకపోతే బర్త్ సర్టిఫికెట్ రాదు.

కొంపలు ముంచుతున్నది ఇదే. మన దగ్గర 21వ రోజు తొట్టెల వేస్తారు, చట్టంలో గడువూ 21 రోజులే. రెండూ కలిసి పుకారైంది. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆ గడువులో చెప్పాల్సింది బిడ్డ పుట్టిన సంగతి, పేరు కాదు. దవాఖానలో కాన్పైతే ఆ కబురు దవాఖానే పంపుతుంది. ఇంట్లో అయితే ఇంటిపెద్ద పోయి చెప్పాలి. పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదు చెల్లుతుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుం లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుం కట్టి చేర్పించుకోవచ్చు.

నాయినమ్మ యాదమ్మ అంటుంది, తల్లి యాద్విక అంటుంది. ఎవరో "రేపే ఆఖరు" అనగానే నోటికొచ్చింది రాయించి, ఆర్నెల్లకు మార్చమని వస్తారు. ఖాళీ గడిలో పేరు చేర్చడం తేలిక, రాసిన పేరు మార్చడం కాదు. 15వ సెక్షన్ కింద సరిచేసేది తప్పుపడ్డ నమోదును. మనసు మారడం తప్పు కిందికి రాదు. సవరణకు ఒప్పుకున్నా పాత రాత కొట్టేయరు, పక్కన మార్జిన్‌లో రాసి సంతకం, తేదీ వేస్తారు. బాలింతను ఇంట్లో ఉంచి ఆఫీసుల చుట్టూ ఉరుకుతున్న నాన్నలూ, ఇంట్లో మాట కుదిరేదాకా గడి ఖాళీగానే ఉండనీయండి. ఏడాది మాత్రం దాటనీయొద్దు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెటే రుజువు.

అపోహ: పాత పేరే కదా, ఎట్లా రాసినా ఒకటే.

అసలు పాత పేర్లకే రూపాలెక్కువ. తాత పాస్‌బుక్కులో నర్సింహ, ఓటరు లిస్టులో నరసింహ, ఊళ్లో నర్సయ్య. మీరు లచ్చమ్మ అంటే రాసేవారు "సరిచేసి" లక్ష్మమ్మ చేస్తారు. అందుకే నోటితో చెప్పొద్దు. తెల్లకాగితం మీద తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఒకసారి రాసివ్వండి. లచ్చమ్మకు ఇంగ్లీషులో సి ఒకటా రెండా, సైదులులో ఐ ఉందా వై ఉందా అన్నది ఇంట్లోనే తేల్చుకోండి. ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరమా, ముందా వెనకా అన్నదీ అంతే. ప్రింటు తీయకముందే తెర మీద చదువుకోండి. ఇక్కడ జారిన అక్షరం ఆధార్‌కు, అక్కణ్నుంచి బడి రిజిస్టర్‌కు, చివరికి పదో తరగతి మెమోకు పాకుతుంది. ఆధార్‌లో పేరు జీవితంలో 2 సార్లే మార్చనిస్తారు.

అపోహ: సర్టిఫికెట్‌లో తాత పేరు, బడిలో స్టైల్ పేరు.

నడవదు. రెండూ కావాలంటే యాదగిరి విహాన్ అని ఒకే పేరుగా రాయించండి. ఇంట్లో ఏమని పిలుస్తారో మీ ఇష్టం.

మిగతావి గబగబా. సొంతూళ్లోనే నమోదు చేయించాలన్నది తప్పు. దేవరకద్ర బిడ్డ మహబూబ్‌నగర్ దవాఖానలో పుడితే నమోదు మహబూబ్‌నగర్‌లోనే. నక్షత్రాక్షరానికి పాత పేర్లు కుదరవంటారు. జ్యేష్ఠకు నో, యా, యీ, యూ కదా, యాదగిరికి ఏం తక్కువ? రిజిస్టర్ ఎలాగూ నక్షత్రం అడగదు. సైదులు ముస్లిం పేరని వెనకాడేవారున్నారు. జాన్‌పహాడ్ సైదన్న దర్గాకు మొక్కుకున్న హిందువులూ పెట్టుకునే పేరది, సైదిరెడ్డి, సైదమ్మ అట్లా వచ్చినవే. ఇక పెంటయ్య తిట్టు కాదు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ బిడ్డనైనా చావు కన్ను పడకుండా పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుని పెట్టిన పేరు.