కారవాన్‌లో టీవీ: డిష్ గురించి అపోహలు, వాస్తవాలు

విజయవాడలో డిష్‌లు బిగించే నా దగ్గరికి, కారు వెనుక కారవాన్ తగిలించుకుని సూర్యలంకకో అరకుకో వెళ్లేవారు కూడా వస్తుంటారు. వారి సందేహాల్లో చాలావరకు అమెరికా వీడియోలు చూసి తెచ్చుకున్నవే.

అపోహ: కప్పు మీద యాంటెనా లేపితే దూరదర్శన్ ఉచితంగా వస్తుంది.

వాస్తవం: అమెరికాలో స్థానిక స్టేషన్లు నేటికీ యాంటెనాకు అందేలా ప్రసారం చేస్తున్నాయి కనుక అక్కడ అది చెల్లుతుంది. మన దూరదర్శన్ మాత్రం యాంటెనాకు ప్రసారం చేసే పాత పద్ధతి (అనలాగ్) ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నిటినీ మూసివేసింది. చందా లేకుండా దూరదర్శన్ తెలుగు ఛానల్ సప్తగిరి చూడడానికి, దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోవచ్చు.

అపోహ: చెట్ల మధ్య డిష్ పనిచేయదు, చుట్టూ మైదానం ఉండాలి.

వాస్తవం: ఫ్రీ డిష్ ఛానళ్లు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. విజయవాడ, గుంటూరుల నుంచి అది ఆగ్నేయంలో, అంటే వాస్తు ప్రకారం వంటిల్లు కట్టే మూలన, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆ ఒక్క మూల తెరిపిగా ఉంటే చాలు. పది మీటర్ల సరుగుడు చెట్టుకు ఆరు మీటర్లు ఇవతల డిష్ పెట్టినా అడ్డు రాదు. డిష్ ముఖం చెట్టు వైపే ఉన్నట్టు కనబడినా కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే ఆఫ్‌సెట్ డిష్ (సిగ్నల్ అందుకునే తల కింది అంచు వైపు ఉండే రకం) చూపు దాని ముఖం కంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటుంది. దిక్సూచిని మాత్రం కారవాన్ ఇనుప ఛాసిస్‌కు దూరంగా పట్టుకుని చూడాలి. బాక్సు తెరపై స్ట్రెంత్ గీతను నమ్మవద్దు. డిష్ ఖాళీ ఆకాశం వైపు ఉన్నా అది కొంత నిండుతుంది. చూడవలసింది క్వాలిటీ గీతనే.

అరకు వెళ్లినా ఎత్తు దాదాపు అదే, దిశను మాత్రం దక్షిణానికి ఎనిమిది డిగ్రీల మేర జరపాలి.

అపోహ: డిష్‌ను కప్పు మీదే బిగించాలి.

వాస్తవం: నా అనుభవంలో ఎక్కువ ఫిర్యాదులకు మూలం ఇదే. అరవై సెంటీమీటర్ల డిష్ పట్టే కోణం మూడు డిగ్రీలకు మించదు. లోపల ఎవరైనా నడిస్తే స్ప్రింగుల మీద బండి ఊగి, బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. నేల మీద ముక్కాలి స్టాండు వేసి, కాళ్ల మీద ఇసుక బస్తాలు పెట్టడమే మేలు.

అపోహ: మబ్బు పట్టగానే టీవీ ఆగిపోతుంది.

వాస్తవం: మబ్బు వల్ల కాదు, కుండపోత వాన వల్ల ఆగుతుంది, వాన తగ్గగానే వస్తుంది.

అపోహ: సగం ఛానళ్లే వస్తుంటే బాక్సు పాడైనట్టే.

వాస్తవం: సిగ్నల్ తరంగాలు నిలువుగా, అడ్డంగా రెండు తీరుల్లో (ధ్రువణాల్లో) వస్తాయి; డిష్ ముందు సిగ్నల్ అందుకునే తలకు (ఎల్‌ఎన్‌బీ) బాక్సు అదే వైరు ద్వారా ఒక ధ్రువణానికి 13 వోల్టులు, రెండో దానికి 18 వోల్టులు పంపుతుంది. సన్నని చౌక వైరును పొడవుగా లాగినా, కనెక్టరు తుప్పు పట్టినా ఆ 18 కాస్తా దారిలోనే తగ్గిపోయి, ఆ వైపు ఛానళ్లు మాయమవుతాయి. బాక్సు మార్చే ముందు కనెక్టరు విప్పి చూడండి. సముద్రపు గాలికి నడిమి తీగ పచ్చబడి ఉంటే, ఆ చివర కోసేసి కొత్త కనెక్టరు వేయండి.