పాడ్‌కాస్ట్ కవర్ గురించి అపోహలు, అసలు సంగతులు

విజయనగరంలో పదేళ్లు ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు డిజైన్ చేశాక, కొంతకాలంగా పాడ్‌కాస్ట్ కవర్లు, అంటే ఫోన్‌లో వినే మాటల షోలకు యాప్‌లో పేరు పక్కన కనిపించే చదరపు బొమ్మలు కూడా చేస్తున్నాను. మన వైపు నుంచి మైకు ముందు కూర్చునేవాళ్లు పెరుగుతున్నారు. ఒకరు పొలం పనుల గురించి చెబుతారు, ఒకరు హరికథల గురించి, ఇంకొకరు పోటీ పరీక్షల గురించి. మాట బాగుంటుంది, విషయం బాగుంటుంది. కవర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ ఫ్లెక్సీయే గుర్తొస్తుంది. మొదట్లో నేనూ అలాగే చేసేవాణ్ని. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కవర్ మీద వివరాలన్నీ ఉండాలి.

వాస్తవం: ఫ్లెక్సీ పదడుగులుంటుంది, జంక్షన్‌లో ఆగినవాళ్లు తీరిగ్గా చదువుతారు. పాడ్‌కాస్ట్ కవర్ ఫోన్‌లో వరుసగా వచ్చే ఇరవై కవర్ల మధ్య బొటనవేలి గోరంత కనిపిస్తుంది. వేలు పైకి జరిపేలోపు కంటికి ఒక్కటే అందుతుంది. ఆ ఒక్కటీ ఏమిటో తేల్చుకోవడమే మా పనిలో సగం.

బొబ్బిలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వీణ గురించి పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నారు. కాగితం మీద రాసుకొచ్చిన జాబితాలో పొడవునా వీణ, వెనకాల కోట, ఆయన ఫొటో, ఫోన్ నంబరు, ‘ప్రతి శనివారం’ అన్న మాట ఉన్నాయి. అన్నీ పెట్టి ఒకటి, నాకు తోచినట్టు ఒకటి చేశాను. రెండోది చూసి, “ఇంత జాగా ఖాళీగా వదిలేస్తే ఎలాగ బాబూ?” అన్నారు. రెండింటినీ ఆయన ఫోన్‌లోకే పంపి, చిన్నవి చేసి, చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూడమన్నాను. మొదటిదాంట్లో వీణ సన్నటి గీతలా మిగిలింది. పొడవాటి వస్తువును చదరంలో ఇరికిస్తే అంతే. రెండోదాంట్లో వీణ చివరుండే యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) ముఖం ఒక్కటే ఉంది. పనసచెక్క రంగు మీద, తెరిచిన నోటితో, చదరం నిండా. మాస్టారు కళ్లజోడు తీసేసి మళ్లీ చూశారు. “ఇది కనిపిస్తోంది” అన్నారు.

ఫోన్ నంబరూ, శనివారం సంగతీ షో గురించి రాసే వివరణలో పెట్టుకోవచ్చు. వాటికి అక్కడ కావలసినంత చోటుంది.

అపోహ: తెలుగక్షరాలు కవర్ మీద కనిపించవు, ఇంగ్లీషులో రాస్తేనే చదువుతారు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కనిపించకపోవడం తెలుగు తప్పు కాదు, రాసిన తీరు తప్పు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడాన్నే తెలుగుకూ పెట్టేస్తారు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. ‘ముచ్చట్లు’ అని రాసి దాని కింది వరుసలో ‘వినండి’ అని రాయండి. ‘ట్లు’ కింద ల-ఒత్తు దిగి ‘డి’ మీది గుడికి తగులుతుంది. పెద్దగా ఉన్నప్పుడు పర్వాలేదనిపిస్తుంది, చిన్నదైతే ఆ రెండూ కలిసి మరకైపోతాయి. కాబట్టి వరుసల మధ్య ఎడం పెంచాలి, లేదా పేరును ఒకే వరుసలో పట్టేలా ఎంచుకోవాలి. రెండు మూడు మాటలు దాటితే నేను ఒప్పుకోను.

ఫాంటు సంగతీ అంతే. సన్నగీతల ఫాంట్లు పెళ్లికార్డుకు అందం, ఫోన్‌లో మాయమైపోతాయి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరుతో ఒకటి, మన విజయనగరం గురజాడ పేరుతో ఒకటి ఉన్నాయి. కవర్‌కు నేను ఎక్కువగా వాడేది రామభద్ర, ఒళ్లున్న అక్షరం. లావు, వెడల్పు మార్చుకోవాలంటే అనెక్ తెలుగు. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంటును తిట్టకండి. టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, సర్దుకుంటుంది.

కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు సర్దే మా డీటీపీ వాళ్లకు ఒక మాట. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో కవర్ చేస్తే ఇబ్బంది లేదు, అది బొమ్మే కాబట్టి. షో పేరును మాత్రం ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్‌లోనే టైప్ చేయాలి, లేకపోతే యాప్‌లో అర్థంకాని గుర్తులొస్తాయి. వెతికేవాళ్లకు దొరికేది కూడా ఆ టైప్ చేసిన పేరు వల్లే, కవర్ మీది అక్షరాల వల్ల కాదు.

అపోహ: మైకు, హెడ్‌ఫోన్స్ బొమ్మ ఉంటేనే పాడ్‌కాస్ట్ అని తెలుస్తుంది.

వాస్తవం: పాడ్‌కాస్ట్ యాప్ తెరిచినవాళ్లకు అది ముందే తెలుసు. తెలియనిది మీరు దేని గురించి మాట్లాడతారన్నదే.

అపోహ: తెల్లటి నేపథ్యం పెడితే నీట్‌గా ఉంటుంది.

వాస్తవం: పొందూరు ఖాదీ మీద చేసిన ఒక షోకు తెల్లటి నేపథ్యం మీద తెల్లటి బట్ట పెట్టాను. కంప్యూటర్‌లో ఎంతో నచ్చింది. ఫోన్‌లో తెల్ల స్క్రీన్ మీద కవర్ అంచు ఎక్కడుందో తెలియలేదు. తప్పు నాదే. పత్తి పువ్వును దగ్గరగా తీసి, వెనక ముదురు నీలం పెట్టాక తెలుపు తెలుపులా కనిపించింది. కొందరి ఫోన్‌లో స్క్రీన్ తెలుపు, కొందరిది నలుపు. కవర్‌ను రెండింటి మీదా పెట్టి చూడండి.

అపోహ: ఫ్లెక్సీకిచ్చే ఫైలే ఇక్కడా పనికొస్తుంది.

వాస్తవం: పనికిరాదు. ఫ్లెక్సీ ఫైలు సీఎంవైకేలో (ముద్రణ ఇంకుల రంగుల్లో) ఉంటుంది, స్క్రీన్‌కు ఆర్‌జీబీ (వెలుగు రంగులు) కావాలి. మార్చకుండా పంపితే రంగులు తేడా కొడతాయి. యాపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ అడిగేది సరిగ్గా చదరంగా ఉండే జేపెగ్ లేదా పీఎన్‌జీ. కనీసం 1400 × 1400 పిక్సెళ్లు, ఎక్కువలో ఎక్కువ 3000 × 3000. నేను 3000లోనే చేస్తాను. నేపథ్యం పారదర్శకంగా వదలకూడదు. చాలా యాప్‌లు మూలలు గుండ్రంగా కోసేస్తాయి, కాబట్టి అక్షరాలను అంచుకు అంటించకండి. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

అపోహ: గూగుల్‌లో దొరికిన ఫొటో ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: ఆ ఫొటోకు ఒక యజమాని ఉంటారు. సిరిమానోత్సవానికి మెడలో కెమెరాతో జనంలో నలిగిపోయి తీసినవాళ్ల ఫొటోలు ఎవరివో తెలియకుండా తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. తీసినవాళ్లను అడగండి, చాలామంది సంతోషంగా ఇస్తారు. ఉచితంగా వాడుకునే ఫొటోలుండే వికీమీడియా కామన్స్ సైట్‌లో తీసుకుంటే అక్కడి లైసెన్స్ చదివి, పేరు రాయండి. ఏఐతో బొమ్మ చేయించినా తెలుగక్షరాలు మాత్రం దానికి వదలకండి, లేని ఒత్తులు పుట్టించవచ్చు. అక్షరం మీరే పెట్టుకోండి.

అపోహ: ఒకసారి కవర్ పెట్టాక మార్చకూడదు.

వాస్తవం: మార్చవచ్చు. నెలకోసారి మారిస్తే రోజూ వినేవాళ్లే గుర్తుపట్టలేరు కానీ, బాగాలేనిదాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మార్చాక కూడా పాతదే కనిపిస్తోందని చాలామంది టెన్షన్ పడి ఫోన్ చేస్తారు. కొత్త ఫైలుకు పాత పేరే పెడితే యాప్ తన దగ్గరున్న పాత కాపీనే చూపిస్తూ ఉండొచ్చు. పేరు మార్చి మళ్లీ అప్‌లోడ్ చేయండి.