సంచితో బీరు కాచడం: గిన్నె, మంట, థర్మామీటర్ మీద అపోహలు - వాస్తవాలు

బ్రూ ఇన్ ఎ బ్యాగ్ పద్ధతిలో దాచుకోవాల్సిన రహస్యమేమీ లేదు. ఒకటే గిన్నె, అందులో జాలీ సంచి, సంచిలో మర పట్టించిన మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. వేడినీళ్లలో గంటసేపు నాననిచ్చి (దీన్నే మాష్ అంటారు) సంచిని పైకి లేపేస్తే, గిన్నెలో మిగిలిన తియ్యటి నీళ్లే వోర్ట్. దాన్ని మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడితే బీరు. కొత్తవాళ్లు ఎక్కువగా సామాను గురించే అడుగుతారు. బ్యాచ్ పోయేది మాత్రం చాలాసార్లు వేడి దగ్గర.

అపోహ: 20 లీటర్ల బీరుకు 25 లీటర్ల గిన్నె సరిపోతుంది.

లెక్క వేసి చూడండి. ఫెర్మెంటర్‌లోకి, అంటే పులియబెట్టే పాత్రలోకి 20 లీటర్లు దిగాలి. 5 కిలోల మాల్ట్‌ను ఎంత పిండినా 3 లీటర్లు అందులోనే ఉండిపోతాయి. గంట మరిగేసరికి మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోతాయి. అడుగున మడ్డితో ఇంకో లీటరో రెండు లీటర్లో వదిలేయాలి. అంటే మొదట పోయాల్సిన నీళ్లే 29 లీటర్ల దాకా. మాల్ట్ వేయగానే మట్టం మరో 3 లీటర్లకు పైగా లేస్తుంది. మరుగు వచ్చే ముందు పొంగే నురగకు వేరే చోటు కావాలి. అందుకే నేను 40 లీటర్ల గిన్నె తీసుకోమంటాను.

స్టీలా, అల్యూమినియమా అన్న వాదనకు ఇంత సాగదీత అక్కర్లేదు. అల్యూమినియం మీద మసకగా ఏర్పడే ఆక్సైడ్ పొరే దానికి రక్ష. తళతళలాడేలా తోమకుండా ఉంటే చాలు.

అపోహ: గిన్నెకు బిగించిన డయల్ ఎంత చూపిస్తే లోపల అంతే వేడి.

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకరోజు డయల్ 66 డిగ్రీలు చూపిస్తోంది. ఎందుకో అనుమానం వచ్చి పొడవాటి ప్రోబ్ దించితే సంచి నడిమధ్య 61, అడుగున గిన్నె అంచు దగ్గర 71. గరిటెతో కింది నుంచి పైకి రెండు నిమిషాలు కలిపాక గానీ అంతా ఒక దారికి రాలేదు. డయల్ తప్పు చెప్పలేదు, తానున్న చోటు వేడి చెప్పింది, అంతే.

ఆ తేడాను నేనెందుకు పట్టించుకుంటానంటే, పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు ముఖ్యంగా రెండు. బీటా అమైలేజ్‌కు 60-65 డిగ్రీల మధ్య హాయి, ఆల్ఫా అమైలేజ్‌కు 70 దగ్గర. ఈస్ట్ సులువుగా తినే చక్కెరను ఎక్కువగా ఇచ్చేది బీటా. 70 దాటితే అది కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోతుంది, మళ్లీ చల్లార్చినా తిరిగి రాదు. బీరు చిక్కగా, తియ్యగా ఆగిపోతుంది. వేడి రెండు డిగ్రీలు తగ్గితే పెంచుకోవచ్చు, పైకి పోతేనే చిక్కు. అందుకే నాకు తక్కువ వేడి కంటే ఎక్కువ వేడంటేనే టెన్షన్.

థర్మామీటర్‌ను ఏడాదికి ఒకట్రెండు సార్లు పరీక్షించుకోండి. బాగా కలిపిన ఐసు నీళ్లలో 0 చూపించాలి. మరిగే నీళ్లలో 100 రాలేదని కంగారు పడకండి. ఎత్తైన ఊళ్లో నీళ్లు అంతకంటే తక్కువలోనే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గించి చూసుకోవాలి.

అపోహ: మాష్ జరిగే గంటసేపూ కింద సన్న మంట ఉండాల్సిందే.

నా మొదటి సంచి దీనికే బలైంది. సిమ్‌లో పెట్టి పక్కకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన. సంచి లేపితే అడుగున అరచేయంత చిల్లు, అందులోంచి మాల్ట్ బొలబొలా గిన్నెలోకి రాలిపోయింది. పాలిస్టర్ జాలీని మరిగే నీళ్లు ఏమీ చేయలేవు. కానీ తడిసిన మాల్ట్ బరువుకు అది అడుగుకు అతుక్కుపోతే, అక్కడికి నీళ్లు అందవు, లోహపు సెగ నేరుగా తగులుతుంది. కింద స్టీలు జాలీ స్టాండు ఒకటి వేసి సంచి అడుగుకు తగలకుండా చేస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

అసలు మంటే అక్కర్లేదు. 66 కావాలంటే నీళ్లను 69కి తెచ్చి పొయ్యి ఆపేసి, గది వేడిలో ఉన్న మాల్ట్‌ను కలుపుతూ పోయండి. పైన చెప్పిన కొలతలకు అది దాదాపు 66 దగ్గర ఆగుతుంది. మూత పెట్టి రెండు మందపాటి దుప్పట్లు చుట్టేయండి. పొయ్యి ఆరిపోయిందని చూసుకున్నాకే సుమా! ఇంత రాశి గంటలో కోల్పోయేది ఒకటో రెండో డిగ్రీలు. ఇప్పుడు దొరికే మాల్ట్‌లో పిండిపదార్థం చక్కెరగా మారడం చాలావరకు మొదటి అరగంటలోనే అయిపోతుంది కాబట్టి చివర్లో తగ్గినా నష్టం లేదు. 5 లీటర్ల చిన్న బ్యాచ్ మాత్రం త్వరగా చల్లారుతుంది, దాన్ని మధ్యలో ఒకసారి చూసుకోవాలి.

మొదట్లోనే 64 దగ్గర ఆగిపోయిందా? మంట వెలిగించకండి. మరుగుతున్న నీళ్లు రెండు లీటర్లకు కాస్త తక్కువ పోసి కలిపితే 66 వస్తుంది. మంటే దిక్కంటే సంచిని పైకి పట్టుకుని, ఆపకుండా కలుపుతూ వెలిగించండి, లక్ష్యానికి ఒక డిగ్రీ ముందే ఆపేయండి. మందపాటి అడుగులో దాగిన సెగ మిగతాది చూసుకుంటుంది.

అపోహ: కరెంటు ఎలిమెంట్, కంట్రోలర్ ఉంటే ఇక చూసుకోనక్కర్లేదు.

కంట్రోలర్ నమ్మేది ప్రోబ్‌ను. ప్రోబ్ ఎలిమెంట్ పక్కనే ఉంటే అక్కడి నీళ్లు వేడెక్కగానే పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది, సంచి మధ్యలో చల్లగానే ఉంటుంది. దూరంగా ఉంటే ఎలిమెంట్ దగ్గర అతిగా కాగుతుంది. వోర్ట్‌ను తిప్పే చిన్న పంపో, మన చేతి గరిటో ఉండాల్సిందే. ఇక వేగమంటారా, 29 లీటర్లను 25 నుంచి 69కి తేవడానికి ఒకటిన్నర యూనిట్ల కరెంటు కావాలి. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు ముప్పావు గంట పైనే పడుతుంది.

అపోహ: సంచి పిండితే వగరు దిగుతుంది.

పొట్టులోని, వగరునిచ్చే టానిన్లు బయటికి రావడానికి ముఖ్య కారణం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 6 దాటడం, దానికి తోడు 77 డిగ్రీలు దాటిన వేడి. పిండడం కాదు. నేను గట్టిగానే పిండుతాను, మందపాటి గ్లౌజులు వేసుకుని. నీళ్లు పీల్చిన సంచి 10 కిలోలకు పైనే తూగుతుంది, పైన వేలాడదీసే కొక్కెం ఆ బరువుకు ఆగుతుందో లేదో ముందే చూసుకోండి.

అపోహ: ఎంత భగభగా మరిగిస్తే అంత మంచిది.

ఉపరితలం నిలకడగా కదులుతూ ఉంటే చాలు. భగభగా మరిగిస్తే వోర్ట్ అనవసరంగా ఆవిరై చిక్కబడుతుంది. మూత మాత్రం పూర్తిగా పెట్టకూడదు. డైమిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం ఆవిరితో పాటు పోకపోతే బీరుకు ఉడికిన మొక్కజొన్న వాసన పడుతుంది, ముఖ్యంగా లేత రంగు పిల్స్‌నర్ మాల్ట్ వాడినప్పుడు.

పెద్ద గ్యాస్ బర్నర్ వాడేవాళ్లు ఇదంతా ఆరుబయటే చేయాలి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటే వాసన బట్టి కూడా తెలియదు.