కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో కొత్తవాళ్లు ఏ మోడ్‌తో మొదలుపెట్టాలి? అపోహలు - వాస్తవాలు

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్లుగా ఆదివారం ఉదయం రెండు గంటలు, వచ్చినవాళ్లందరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆడిస్తున్నాను. కక్ష్య అంటే ఏమిటో బోర్డు మీద నెల రోజులు చెప్పినా రాని స్పష్టత ఈ ఆటలో రెండు వారాల్లో రావడం నా కళ్లతో చూశాను. కానీ ఎంతో ఉత్సాహంగా మొదలుపెట్టి నెల తిరక్కుండా మానేసిన పిల్లలనూ చూశాను. వాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఒకటే. మొదటి రోజు, మొదటి స్క్రీన్‌లో, తమకు సరిపడని మోడ్ ఎంచుకున్నారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మెక్సికో సిటీకి చెందిన స్క్వాడ్ అనే సంస్థ 2011 జూన్‌లో ఈ ఆటను మొదటిసారి బయటికి తెచ్చింది. పూర్తి వెర్షన్ 2015 ఏప్రిల్‌లో వచ్చింది. కెర్బిన్ అనే చిన్న గ్రహం, దాని మీద కెర్బల్స్ అనే పచ్చటి బుడతలు. విడి భాగాలతో మీరే రాకెట్ కట్టాలి, మీరే నడపాలి. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లే, మన భూమిలో దాదాపు పదో వంతు. అయినా అక్కడ రాకెట్ కదిలే తీరు మాత్రం న్యూటన్ చెప్పినట్టే ఉంటుంది.

కొత్త ఆట మొదలుపెట్టగానే మూడు మోడ్‌లు కనిపిస్తాయి. శాండ్‌బాక్స్‌లో అన్ని భాగాలూ మొదటి నిమిషం నుంచే ఇచ్చేస్తారు, డబ్బు లెక్క ఉండదు. సైన్స్ మోడ్‌లో కొన్ని భాగాలతో మొదలై, ప్రయోగాలు చేసి సైన్స్ పాయింట్లు తెస్తే కొత్తవి తెరుచుకుంటాయి. ఇక్కడా డబ్బు లేదు. కెరీర్‌లో పాయింట్లతో పాటు డబ్బు, పేరు ప్రతిష్ఠలు, కాంట్రాక్టులు, భవనాల అప్‌గ్రేడ్లు అన్నీ ఉంటాయి.

అపోహ: కెరీరే అసలు ఆట. మిగతా రెండూ ప్రాక్టీసు కోసం పెట్టినవి.

ఎక్కువ మందిని దెబ్బతీసేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కెరీర్ అనగానే మొదటి మెట్టు నుంచి పద్ధతిగా నేర్పిస్తుందేమో అనిపిస్తుంది. నిజానికి కొత్తవాళ్లకు అత్యవసరమైన పనిముట్లనే అది మొదట లాగేసుకుంటుంది. లాంచ్‌ప్యాడ్ 18 టన్నులకు మించి మోయదు. రాకెట్‌లో 30 భాగాలకు మించి వాడకూడదు. సరే, దీన్ని భరించవచ్చు. ఈ హద్దుల్లోనే కక్ష్యకు వెళ్లడం సాధ్యమే. అసలు నష్టం మాన్యువర్ నోడ్ లేకపోవడం.

మ్యాప్ తెరిచి మన కక్ష్య గీత మీద ఒక చోట నొక్కితే చిన్న చక్రం లాంటిది వస్తుంది. దాని చుట్టూ ఉన్న పిడుల్లో ఒకదాన్ని లాగితే, 'ఇక్కడ ఇంత సేపు ఇంజిన్ మండిస్తే నీ దారి ఇలా మారుతుంది' అని చుక్కల గీత కనిపిస్తుంది. అదే మాన్యువర్ నోడ్. నా దృష్టిలో ఈ ఆటలో బ్లాక్‌బోర్డు అదే. ముందుకు లాగితే కక్ష్య అవతలి వైపు ఎత్తు పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. పాఠమంతా అక్కడే ఉంది. కెరీర్‌లో ట్రాకింగ్ స్టేషన్, మిషన్ కంట్రోల్ రెండిటినీ అప్‌గ్రేడ్ చేస్తేగానీ అది రాదు. అప్పటిదాకా మన్ అనే చందమామ దగ్గరికి వెళితే దారి ఎలా వంగుతుందో ముందుగా కనపడదు కూడా. కొత్త కెర్బల్ పైలట్‌కి రాకెట్ ముక్కు ఒక దిక్కున నిలిపి ఉంచడం మాత్రమే వచ్చు. వెళ్లే దిశకు తనంతట తాను తిప్పడం, అనుభవం వచ్చి మొదటి లెవెల్‌కి చేరాకే. కెర్బల్స్ అంతరిక్షంలో బయటికి అడుగుపెట్టాలన్నా ఇంకో భవనం అప్‌గ్రేడ్ కావాలి.

అంటే కెరీర్ మొదటి పదిగంటలు, ఆట బాగా వచ్చినవాళ్లకు సరదాగా ఉండేలా అమర్చిన ఆంక్షలు. వాళ్లకు నోడ్ లేకపోయినా మనసులో గీత కనిపిస్తుంది. కొత్తవాళ్లకు కనిపించదు.

ఇక డబ్బు. నార్మల్ అనే కష్టస్థాయిలో 25,000తో మొదలవుతుంది. మా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి ఇంట్లో కెరీర్ మొదలుపెట్టి, మూడు ఆదివారాల తర్వాత కూడా కక్ష్యకు చేరలేదు. 'ఏం చేస్తున్నావు నాన్నా?' అని అడిగితే స్క్రీన్ చూపించాడు. ఒక భాగాన్ని ఫలానా ఎత్తులో, ఫలానా వేగంలో పరీక్షించమనే కాంట్రాక్టులు వరసగా తీసుకుంటున్నాడు. ఎత్తు కుదిరితే వేగం కుదరదు, వేగం కుదిరితే ఎత్తు దాటిపోతుంది. 'కక్ష్యకు ప్రయత్నించలేదా?' అంటే, 'పేలిపోతే డబ్బులు పోతాయి సార్' అన్నాడు. ఆ మాట విని నాకు చాలా బాధేసింది. రాకెట్ పేలితే ఎందుకు పేలిందో చూసి నేర్చుకోవలసిన ఆటలో, పేలుతుందేమోనన్న టెన్షన్‌తో పిల్లాడు ఎగరడమే మానేశాడు. ఆ రోజే వాడితో సైన్స్ మోడ్‌లో కొత్త సేవ్, అంటే కొత్త ఆట, మొదలుపెట్టించాను.

అపోహ: శాండ్‌బాక్స్ అంటే చీటింగ్.

2013 అక్టోబర్‌లో 0.22 వెర్షన్ వచ్చేదాకా ఈ ఆటలో సైన్స్ పాయింట్లే లేవు. కాంట్రాక్టులు, డబ్బు వచ్చింది 2014 జులైలో, 0.24తో. 0.22కి ముందు మన్ మీద దిగినవాళ్లంతా శాండ్‌బాక్స్‌లోనే నేర్చుకుని దిగారు. అన్ని భాగాలూ చేతిలో ఉన్నంత మాత్రాన కక్ష్య దానంతట అది రాదు.

దాని ఇబ్బంది వేరు. రాకెట్ కట్టే ఎడిటర్ తెరవగానే వందల భాగాలు ఎదురవుతాయి. ఏది ఎందుకో తెలియక, పెద్ద ఇంజిన్లన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి, ఊగిపోయే రాకెట్ కట్టి, లాంచ్‌ప్యాడ్ మీదే కూలగొడతారు. అందుకే శాండ్‌బాక్స్‌లో మొదటి రోజు నేను ఎవరి చేతా రాకెట్ కట్టించను. ఆటతో పాటు వచ్చే కెర్బల్ ఎక్స్ అనే తయారు రాకెట్‌ని ఎక్కించి, ఒక్క పని చెబుతాను: 80 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాలి.

దాదాపు అందరూ మొదట నిట్టనిలువుగా పైకి పోతారు. వంద కిలోమీటర్లు దాటాక ఇంజిన్ ఆపి, చేరిపోయాం అనుకుంటారు. కాసేపటికి కిందికి పడటం మొదలవుతుంది. 'అంత ఎత్తుకి వెళ్లాం కదా సార్, ఎందుకు పడిపోతోంది?' ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తుంటాను. కెర్బిన్ గాలిపొర 70 కిలోమీటర్లకే అయిపోతుంది, అది దాటడం పెద్ద కష్టం కాదు. నిలబడాలంటే పక్కకి సెకనుకు సుమారు 2,300 మీటర్ల వేగం కావాలి. (మన భూమి చుట్టూ తక్కువ ఎత్తులో తిరగాలంటే దాదాపు 7,800.)

రెండోసారి, సెకనుకు వంద మీటర్ల వేగం దాటగానే ముక్కు కొద్దిగా తూర్పుకి వంచమంటాను. పది కిలోమీటర్ల ఎత్తుకి వచ్చేసరికి 45 డిగ్రీల దగ్గరికి ఒరగాలి. దారిలోని అత్యంత ఎత్తైన బిందువు, అంటే అపోయాప్సిస్, 80 కిలోమీటర్లు చూపించగానే ఇంజిన్ ఆపేయాలి. అక్కడిదాకా తేలుతూ వెళ్లి, ఆ బిందువు దగ్గర వెళ్లే దిశలోనే మళ్లీ మండిస్తే, అవతలి వైపు గీత నేలలోంచి మెల్లగా పైకి లేస్తుంది. అది 70 దాటిన క్షణంలో పిల్లల మొహాలు చూడాలి.

శాండ్‌బాక్స్‌లో ఇంత నేర్చుకుంటే చాలు. ఒకట్రెండు రోజులు. అక్కడే ఉండిపోతే మాత్రం, తర్వాత ఏం చేయాలో చెప్పే దారి ఏదీ ఉండదు కాబట్టి చాలామందికి విసుగొస్తుంది.

అపోహ: సైన్స్ మోడ్ అటూ ఇటూ కాని సగం కెరీర్.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే మోడ్, మరో మాట లేదు. కారణం చాలా సూటిగా ఉంటుంది. ఇందులో భవనాలన్నీ మొదటి నుంచే పూర్తి స్థాయిలో ఉంటాయి. మాన్యువర్ నోడ్ ఉంటుంది, బరువు హద్దు ఉండదు. రాకెట్ ఎన్నిసార్లు పేలినా ఖర్చు లేదు. అయినా భాగాలు కొద్దికొద్దిగా వస్తాయి కాబట్టి ఒక్కొక్కదాని పని తెలుసుకునే తీరిక దొరుకుతుంది.

మొదట ఒక క్యాబిన్, ఫ్లీ అనే చిన్న ఘన ఇంధన బూస్టర్, ఒక పారాచూట్ లాంటి నాలుగు వస్తువులే ఉంటాయి. ఎగరకముందే లాంచ్‌ప్యాడ్ మీద క్రూ రిపోర్ట్ రాయించండి, కెర్బల్‌ని బయటికి దింపి ఇంకో రిపోర్ట్ తీసుకోండి. తర్వాత ఎగిరి గాల్లో ఉండగా ఒకటి, దిగిన చోట ఒకటి. బేసిక్ రాకెట్రీ, ఇంజినీరింగ్ 101 అనే కొత్త భాగాల గుంపులు ఒక్కోటి 5 పాయింట్లకే తెరుచుకుంటాయి. మొదటి అరగంటలోనే రెండూ మీవి.

ఇక్కడ ఒక కిటుకు అర్థం కావాలి. ఒకే ప్రయోగానికి చోటు మారితే మళ్లీ పాయింట్లు వస్తాయి, ఎత్తు మారినా వస్తాయి. కెర్బిన్ మీద 18 కిలోమీటర్ల లోపు గాలి ఒకటి, దాని పైన ఇంకొకటి. అంతరిక్షంలో 250 కిలోమీటర్ల లోపు ఒకటి, అవతల మరొకటి. చేసిన చోటే చేస్తూ పోతే పాయింట్లు తగ్గిపోతాయి. అంటే 'ఇంకొంచెం పైకి, ఇంకొంచెం దూరం' అని ఆటే మిమ్మల్ని ముందుకు తోస్తుంది. లాంచ్‌ప్యాడ్ చుట్టుపక్కల ఒక్కో భవనం దగ్గరికీ బండి నడిపి పాయింట్లు ఏరుకోవచ్చని కొందరు చెబుతారు. నిజమే, వస్తాయి. కానీ నా పిల్లలను నేను ఆ పనికి పంపను. ఎగరడానికి వచ్చి పార్కింగ్ స్థలంలో తిరగడమెందుకు?

నోడ్ ముందే ఉండటం ఎంత ఉపయోగమో 2023లో బాగా తెలిసింది. ఆ జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 వెళ్లింది, ఆగస్టు 23న దిగింది. 'నలభై రోజులెందుకు సార్, నేరుగా వెళ్లకూడదా?' అని ప్రతి క్లాసులో అడిగారు. ఆదివారం రోజు సైన్స్ సేవ్ తెరిచి, కక్ష్యలో అతి కింది బిందువు దగ్గర నోడ్ పెట్టి కొంచెం లాగమన్నాను. అవతలి కొన చాలా దూరం సాగింది. ఒక చుట్టు తిరిగొచ్చాక అక్కడే ఇంకొంచెం. మళ్లీ సాగింది. మూడోసారికి మన్ దారిని తాకింది. చిన్న ఇంజిన్‌తో దూరం ఎలా వెళ్లవచ్చో వాళ్ల చేతులకే తెలిసింది. నేను ఒక్క సూత్రం కూడా రాయలేదు.

ఇంకో సంగతి. మన్ 12,000 కిలోమీటర్లలో ఉంది, మిన్మస్ అనే చిన్న చందమామ 47,000 కిలోమీటర్లలో. దగ్గరిది తేలిక అనుకుని అందరూ మొదట మన్ మీద దిగబోతారు. మిన్మస్ గురుత్వం కెర్బిన్‌లో ఇరవయ్యో వంతే. నేల మీద పెద్ద పెద్ద చదును మైదానాలున్నాయి. దాని కక్ష్య 6 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు కాస్త సర్దుకోవాలి, అంతే. దిగడం నేర్చుకోవడానికి అదే మంచిది.

అపోహ: హార్డ్ పెట్టుకుంటే త్వరగా రాటుదేలతాం.

హార్డ్‌లో రివర్ట్, అంటే ఎగరకముందుకి వెనక్కి వెళ్లే వీలు, ఉండదు, క్విక్‌సేవ్ మళ్లీ లోడ్ చేసుకోవడం ఉండదు, పోయిన కెర్బల్ తిరిగి రాడు. మన్ మీద దిగేటప్పుడు ఒకే పొరపాటు పదిసార్లు చేసి చూడటం వల్లనే పట్టు వస్తుంది. ఎఫ్5 నొక్కి సేవ్ చేసి, పడిపోతే ఎఫ్9 పట్టుకుని మళ్లీ దిగండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: ఒకసారి ఎంచుకుంటే ఇక అంతే.

ఆటలో మోడ్ మార్చే బటన్ లేని మాట నిజం. కానీ ఎన్ని సేవ్‌లైనా పక్కపక్కన పెట్టుకోవచ్చు. నా కంప్యూటర్‌లో ఎప్పుడూ ఒక శాండ్‌బాక్స్ సేవ్ ఉంటుంది. సైన్స్‌లో వాడబోయే ల్యాండర్‌ని ముందు అందులో పరీక్షిస్తాం. ఒక సేవ్‌లో కట్టిన రాకెట్ ఫైలును ఇంకో సేవ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవచ్చు.

అపోహ: రెండో భాగం వచ్చింది కాబట్టి అదే కొనాలి.

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, 2023 ఫిబ్రవరిలో వచ్చింది. 2024 మధ్య నుంచి దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తవాళ్లు మొదటి ఆటే కొనండి. అది పూర్తయిన ఆట, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. మెయిన్ మెనూలో ట్రైనింగ్ పాఠాలున్నాయి, వాటిని దాటేయకండి.

అపోహ: అయితే కెరీర్ జోలికే పోకూడదు.

వెళ్లాలి, తప్పకుండా. మన్ గానీ మిన్మస్ గానీ వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాక. అప్పుడు నార్మల్‌లో మొదలుపెట్టండి. భాగాలు పరీక్షించే కాంట్రాక్టులు వదిలేసి, మొదటిసారి కక్ష్యకు వెళ్లడం లాంటి పనులు తీసుకోండి. మొదటి డబ్బు ట్రాకింగ్ స్టేషన్‌కి, మిషన్ కంట్రోల్‌కి పెట్టండి. లాంచ్‌ప్యాడ్ ఆ తర్వాత, దాంతో 18 టన్నుల హద్దు 140కి పెరుగుతుంది.

పోయిన సంవత్సరం ఒక అమ్మాయి ఈ క్రమంలోనే వచ్చింది. సైన్స్‌లో మన్ మీద దిగి వచ్చాక కెరీర్ మొదలుపెట్టింది. అప్‌గ్రేడ్లు ఏవీ చేయకుండానే మన్ దాకా వెళతానంది. నోడ్ లేదు. కెర్బిన్ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. కెర్బిన్ అంచు మీద మన్ ఉదయించగానే వెళ్లే దిశకు తిప్పి ఇంజిన్ వేసింది. అపోయాప్సిస్ 12,000 కిలోమీటర్లకు చేరగానే ఆపేసింది. 'ఇప్పుడే ఎందుకు వేశావమ్మా?' అని అడిగాను. 'సైన్స్‌లో నోడ్ పెట్టినప్పుడల్లా అది అక్కడే పడేది సార్' అంది. గది అంతా నిశ్శబ్దంగా స్క్రీన్ చూస్తోంది. టైమ్ వార్ప్‌లో, అంటే ఆటలో కాలాన్ని వేగంగా తిప్పితే, రోజు గడిచింది. మ్యాప్‌లో గీత ఒక్కసారిగా మారి, మన్ చుట్టూ వంగి కనిపించింది.