బడి పిల్లల ఆరోగ్యం: తీపి, పురుగులు, నిండు సీసాలు – అపోహలు, వాస్తవాలు

పిల్లల వైద్యుడిగా తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలివి. ప్రేమతో అనేవే, కానీ నష్టం పిల్లలకే.

అపోహ: తీపి తింటే కడుపులో పురుగులు పడతాయి. నిద్రలో పళ్లు కొరికితే అవి ఉన్నట్టే.

వాస్తవం: చక్కెరలోంచి పురుగులు పుట్టవు, పళ్లు కొరకడం వాటికి గుర్తూ కాదు. ఏలికపాముల గుడ్లు మట్టి అంటిన చేతులతో, సరిగా కడగని కూరగాయలతో నోట్లోకి చేరతాయి. కొంకిపురుగు లార్వా (పిల్ల పురుగు) చెప్పుల్లేని పాదాల చర్మంలోంచి దూరి, చివరికి పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. అలాంటి బిడ్డ కింది కనురెప్పను కాస్త లాగి చూడండి. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. తరగతిలో ఆ బిడ్డకు బద్ధకస్తుడని పేరు! ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో కడుపులో పురుగులు పోవడానికి బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రకు భయపడి పిల్లలను ఇంట్లో ఉంచేయకండి. బాగా నమిలి మింగాలి. పురుగులు ఎక్కువగా ఉన్నవారికి కాస్త వికారం, కడుపునొప్పి రావచ్చు, సాధారణంగా త్వరగానే సర్దుకుంటాయి.

అపోహ: బడిలో నీళ్లు తాగకపోయినా ఇంటికొచ్చాక తాగితే చాలు.

వాస్తవం: పొద్దున నింపిన సీసా సాయంత్రం నిండుగానే వస్తే, కోప్పడే ముందు బడిలో మరుగుదొడ్డి ఎలా ఉందో అడగండి. గడియ పడదు, కుళాయిలో నీళ్లు రావు. ఆడపిల్లలు అందుకే నీళ్లు మానేసి, సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కితే ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. నేను మందు రాయగలను, గడియ మాత్రం బడివాళ్లే బిగించాలి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కంటే ముందు ఈ సంగతి ఎత్తండి.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితేనే బుర్రకెక్కుతుంది.

వాస్తవం: పదో తరగతి పిల్లవాడు రాత్రి ఎనిమిదికే పడుకుంటే నిరభ్యంతరంగా లేపండి. ట్యూషన్, హోంవర్క్, ఫోను అయ్యేసరికి పదకొండు దాటే ఇంట్లో అది కుదరదు. 6–12 ఏళ్లవారికి 9 నుంచి 12 గంటలు, 13–18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదివింది మెదడులో స్థిరపడడానికి ఆ నిద్రే ఆధారం.

అపోహ: ఆకలి లేదంటే టానిక్ పట్టాలి.

వాస్తవం: ఆకలి మందులు చాలావాటిలో ఉండే సైప్రోహెప్టడిన్ అసలు అలర్జీకి వాడేది. మగతగా ఉంటుంది, ఆపితే ఆకలీ మామూలైపోతుంది. ముందు సాయంత్రం బిస్కెట్లు, చిప్స్ ఆపి చూడండి.

అపోహ: కళ్లద్దాలు పెడితే సైటు పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. పెట్టకపోతే బోర్డు మీది అక్షరాలు కనిపించక చదువు పోతుంది. రోజూ రెండు గంటలు ఆరుబయట వెలుతురులో గడిపితే హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చే అవకాశం తగ్గుతుంది. ఆటల పీరియడ్‌ను లెక్కలకు మళ్లించే బడులను తల్లిదండ్రులు గట్టిగా ప్రశ్నించాలి.