పాత లూథరన్ సంఘం, బాప్తిస్మ రిజిస్టరు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు ప్రాంతంలోని ఒక పాత లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవ) పారిష్‌లో, అంటే చర్చి పరిధిలో, బాప్తిస్మ రిజిస్టర్లను భద్రపరిచే బాధ్యత నాది. పాస్‌పోర్టు కోసమో పింఛను కోసమో పెద్దల వివరాలు వెతుక్కుంటూ వచ్చేవారిని అన్నిటికంటే ఎక్కువగా నష్టపరిచే అపోహ ఒకటుంది.

అపోహ: రిజిస్టరులోని తేదీయే పుట్టిన తేదీ, పాస్టరుగారు సంతకం చేస్తే అదే జనన ధ్రువపత్రం.

వాస్తవం: అది బాప్తిస్మం జరిగిన తేదీ. తొలినాళ్లలో అభిషేకం పొందిన గురువులు చాలా కొద్దిమంది. పల్లెలో బడి నడిపి, ప్రార్థన చేయించి, జనాన్ని సిద్ధపరిచేది ఉపదేశి అయినా, బాప్తిస్మం మాత్రం మిషనరీగానీ పాస్టరుగానీ పర్యటనకు వచ్చినప్పుడే జరిగేది. అందుకే ఒకే తేదీ కింద తాత, కొడుకు, కోడలు, చంటిబిడ్డ వరుసగా కనిపిస్తారు. పెద్దల వయసులు చాలావరకు అంచనాకు వేసినవే.

విదేశంలో ఉన్న మనవరాలి దగ్గరికి వెళ్లాలని ఒక పెద్దావిడ పాస్‌పోర్టు ప్రయత్నంలో మా దగ్గరికి వచ్చారు. చర్చిలో అడిగితే కావలసిన తేదీ రాసిస్తారని ఒక దళారి నమ్మబలికి, ఆమె దగ్గర అప్పటికే డబ్బు గుంజాడు. కాదని చెప్పేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని సొమ్ము చేసుకునేవారిని మాత్రం నేను సహించలేను. రిజిస్టరును ఎవరూ దిద్దకూడదు. అందులో ఉన్నది ఉన్నట్లు నకలు మాత్రమే ఇస్తాం. నిజానికి ఆమెకు ఆ నకలుతో పనే లేదు. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారికి పాస్‌పోర్టు విషయంలో, పుట్టిన తేదీ ఉన్న పాన్ కార్డు, ఓటరు కార్డు వంటివి కూడా చెల్లుతాయి. జనన ధ్రువపత్రమే కావాలంటే, ఏడాది దాటిన నమోదుకు కలెక్టరు, ఆర్డీఓ, లేదా కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం. మా నకలును ఆ దరఖాస్తుకు ఆధారంగా జతచేయవచ్చు, అంతవరకే.

అపోహ: మన సంఘాన్ని జర్మన్లు స్థాపించారు.

వాస్తవం: 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టినవారే గాని, ఆయనను పంపింది అమెరికాలోని పెన్సిల్వేనియా లూథరన్లు. గుంటూరులో ఆయనకు అండగా నిలిచింది కలెక్టరు హెన్రీ స్టోక్స్. జర్మన్ మిషన్ పని మొదలుపెట్టింది రాజమండ్రిలో. తరువాత అదీ అమెరికన్ల చేతికే వచ్చింది.

అపోహ: ఇప్పటికీ అమెరికావారే మన సంఘాన్ని నడుపుతున్నారు.

వాస్తవం: 1927లోనే ఇక్కడి సొంత సంఘంగా ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది.

అపోహ: పాత రిజిస్టర్లన్నీ మిషనరీలు పట్టుకుపోయారు.

వాస్తవం: వారు తమ మిషన్లకు పంపింది ఉత్తరాలు, నివేదికలు. మా పారిష్ రిజిస్టర్లు మా బీరువాలోనే ఉన్నాయి. వెతికించుకోవడానికి వచ్చేవారు ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, బాప్తిస్మానికి ముందు వాడిన పేరు, అన్నిటికంటే ముఖ్యంగా అప్పట్లో కుటుంబం ఉన్న పల్లె పేరు రాసుకుని రండి, ఎందుకంటే మా పాత రిజిస్టర్లు పల్లెల వారీగానే ఉన్నాయి.